సయాటికా: కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చా? జారిన డిస్క్ లోపలికి పోతుందా?

పిక్కలాగుడు (ప్రశ్న)

ఐదు వారాలుగా ఎడమ పిరుదు నుంచి తొడ వెనకగా, పిక్క మీదుగా పాదం బయటి అంచు దాకా జివ్వుమని లాగుతోంది. నడుములో నొప్పి తక్కువే, బాధంతా కాలిలోనే. ఎమ్మారైలో ఎల్5-ఎస్1 (నడుము చివరి పూస, దాని కింది త్రికాస్థి కలిసే చోటు) దగ్గర ఎడమవైపు డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య మెత్త ఉబ్బింది అని రాశారు. ఇరవై నిమిషాలు కూర్చుంటే ఎక్కువవుతుంది, లేచి నడిస్తే కాస్త నయం. తుమ్మితే కాలిలోకి కరెంటు కొట్టినట్టు ఉంటుంది. మూత్రం, విరేచనం మామూలుగానే ఉన్నాయి.

కైరోప్రాక్టర్ (చేతులతో వెన్నుపూసలు సర్దే చికిత్సకుడు) దగ్గర నడుము "సెట్" చేయించుకుంటే డిస్క్ లోపలికి పోతుందంటున్నారు, నిజమేనా? డిస్క్ ఉన్నవాళ్లు అసలు చేయించుకోవచ్చా? ఎన్నిసార్లు వెళ్లాలి? కాలు బల్ల మీద చాచిపెట్టి ముందుకు వంగే వ్యాయామం రోజూ చేస్తున్నా, మర్నాడు ఇంకా ఎక్కువ లాగుతోంది. ఆపాలా? "రెస్ట్ తీసుకో" అనే ఒక్క ముక్క తప్ప ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

వెన్నుబల్ల

ఆ వంగడం ఈరోజే ఆపేయండి. తొడ వెనక లాగుతున్నది కండరం కాదు, నరం. ఎల్4 నుంచి ఎస్3 దాకా వెన్నులోంచి వచ్చే నరాల వేర్లు కలిసి పిరుదు లోపల ఒక లావాటి తాడులా అవుతాయి. అదే సయాటిక్ నరం. పైన వేరు వాచి ఉన్నప్పుడు మోకాలు చాచి నడుము వంచితే ఆ తాడు రెండు చివరలా బిగుస్తుంది. పుండు మీద కారం చల్లినట్టే. కండరం బిగుసుకుంటే సాగదీశాక హాయిగా ఉంటుంది. నరాన్ని సాగదీస్తే సాయంత్రానికో మర్నాటికో కసి తీర్చుకుంటుంది. మీరు చెప్పిన గుర్తు సరిగ్గా అదే.

డిస్క్ లోపలికి పోవడం సంగతి: పోదు. చేత్తో నెట్టి పెట్టగలిగేది కాదది. బయటికొచ్చిన భాగాన్ని కొన్ని నెలల్లో శరీరమే కరిగించుకుంటుంది, చిత్రమేమిటంటే పెద్దగా తెగి బయటపడ్డ ముక్కలే చిన్న ఉబ్బు కంటే ఎక్కువగా కరుగుతాయి. సర్దుబాటు (మీరన్న "సెట్") చేసినప్పుడు వచ్చే టక్‌మన్న శబ్దం మెటికలు విరిచినప్పుడు వచ్చేదే: కీలులోని ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి వాయువుతో ఖాళీ ఏర్పడటం. 2015లో ఎమ్మారైలో వేలి మెటిక విరుస్తూ దాన్ని చిత్రం కూడా తీశారు. ఎముక "చోటికి రావడం" కాదు.

మరి ఉపయోగమేమిటంటే, నొప్పికి భయపడి బిగుసుకుపోయిన నడుము కండరాలు వదులవుతాయి, కొన్ని గంటలో ఒకటి రెండు రోజులో కదలిక తేలికవుతుంది. ఆ వ్యవధిలో నడక, వ్యాయామం చేసుకుంటే లాభం. వెళ్లొచ్చి మళ్లీ కుర్చీలో కూలబడితే డబ్బు దండగ.

మంచి కైరోప్రాక్టర్ మొదటిరోజు చేయి వేసే ముందే పరీక్ష చేస్తాడు. వెల్లకిలా పడుకోబెట్టి కాలు చాచి పైకెత్తుతాడు. 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందికి నొప్పి పాకితే నరం వేరు మీద ఒత్తిడి ఉందని అనుమానం. బాగున్న కాలు ఎత్తినా బాధ ఉన్న కాలిలో లాగితే ఆ అనుమానం బలపడుతుంది. ఆ తర్వాత మోకాలి, మడమ రిఫ్లెక్సులు, స్పర్శ, బలం చూస్తాడు. ఇవేవీ చూడకుండా బల్ల ఎక్కమంటే దిగి వచ్చేయండి.

బలం సంగతి మీరే ఇంట్లో చూసుకోవచ్చు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మడమ పైకెత్తండి, కుడి ఎన్నిసార్లు, ఎడమ ఎన్నిసార్లు. ఇది ఎస్1 నరం వేరుకి పరీక్ష, మీ నొప్పి దారి కూడా ఎస్1 దారే. మడమల మీద నడవలేకపోవడం, బొటనవేలు పైకెత్తలేకపోవడం ఎల్5 గుర్తు.

డిస్క్ వల్ల కాలు లాగుతున్నప్పుడు పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి నడుము మెలిపెట్టే జోరు సర్దుబాటుతో మొదలుపెట్టమని నేను చెప్పను. ఫ్లెక్షన్-డిస్ట్రాక్షన్ అనే మెత్తటి పద్ధతి ఉంది. కింది సగం వంగే బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, ఒక చేయి నడుము పూస మీద ఆనించి, కాళ్లవైపు బల్లను నాలుగు సెకన్ల చొప్పున నెమ్మదిగా దించుతారు. ఐదుసార్లు చేసి ఆగి, మళ్లీ చేస్తారు. మధ్యలో నొప్పి పాదంవైపు పాకితే వెంటనే చెప్పండి, అక్కడితో ఆపాలి.

వారానికి రెండు మూడుసార్లు, ముందు రెండు వారాలు చూడండి, కాస్త నయమనిపిస్తే ఇంకో రెండు. నాలుగో వారానికీ చెప్పుకోదగ్గ మార్పు లేకపోతే ఐదో వారం అనవసరం. చేయించుకున్నాక ఒకటి రెండు రోజులు నడుము పులిసినట్టు ఉండటం మామూలే. కాలిలో కొత్తగా మొద్దుబారడం మాత్రం మామూలు కాదు.

ఎముకలు బోలుగా మారినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు, క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు, ఈమధ్య పడి దెబ్బ తగిలినవాళ్లు, జ్వరంతో నడుంనొప్పి ఉన్నవాళ్లు జోరు సర్దుబాటు జోలికి పోకూడదు. మూత్రం బిగబట్టినట్టు ఆగిపోవడం, తొడల లోపలివైపు, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం, రెండు కాళ్లూ లాగడం, పాదం పైకి లేవక వేలాడిపోవడం: వీటిలో ఏది కనిపించినా అదే గంటలో ఆసుపత్రి. రేపటిదాకా ఆగకూడదు.

అనుమానపక్షి

పైన చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఆధారాలెంతో కూడా చెప్పుకోవాలి. 2006లో ఇటలీలో డిస్క్ ఉబ్బు వల్ల నడుము, కాలు నొప్పి ఉన్న 102 మంది మీద అధ్యయనం చేశారు. నిజంగా సర్దుబాటు చేయించుకున్నవారిలో 55 శాతానికి, పోలిక కోసం ఉత్తుత్తిగా చేయించుకున్నవారిలో 20 శాతానికి కాలి నొప్పి పూర్తిగా పోయింది. మంచి ఫలితమే, కానీ చిన్న అధ్యయనం. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ వైద్య సలహా సంస్థ 2016 మార్గదర్శకాలు చేతి చికిత్సను వ్యాయామంతో కలిపి మాత్రమే ఇవ్వొచ్చన్నాయి, విడిగా కాదు. నడుము బెల్టులూ, ట్రాక్షనూ (బరువులు కట్టి నడుము లాగడం) వద్దన్నాయి.

మందుల సంగతీ అంతే. సయాటికా ఉన్న 209 మంది మీద చేసిన అధ్యయనంలో ప్రీగాబలిన్ అనే నరాల నొప్పి మందు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు కాలేదని 2017లో తేలింది. తల తిరగడం మాత్రం ఎక్కువైంది. ఆపరేషన్ విషయంలో, 283 మందిని రెండుగా విడదీసిన డచ్ అధ్యయనం (2007) ఫలితం గుర్తుంచుకోండి. ముందే కోయించుకున్నవాళ్లకి నొప్పి త్వరగా తగ్గింది, ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలూ ఒకే స్థితి. ఆగినవాళ్లలో సుమారు 39 శాతం తర్వాత ఆపరేషన్‌కి వెళ్లారనుకోండి. ఐదు వారాలకి కంగారు పడాల్సిన పని లేదు, చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది.

ఎమ్మారై కాగితం చూసి బెంబేలెత్తకండి. నొప్పే లేనివాళ్లకి తీసినా ఇరవై ఏళ్ల వయసులో 30 శాతం మందికి, ఎనభైలో 84 శాతం మందికి బల్జ్ కనిపిస్తుందని 2015లో అన్ని అధ్యయనాలూ కలిపి లెక్కతేల్చారు.

ఒక హెచ్చరిక. ముప్పై నలభై విడతలకు ముందే డబ్బు కట్టించుకునేవాళ్లు, ప్రతి నెలా ఎక్స్‌రే తీసి "వంకర తగ్గింది" అని చూపించేవాళ్లు, కాలి నొప్పికి మెడ విరిచేవాళ్లు, ఈ ముగ్గురికీ దూరం.

నడకేమందు

అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. సర్దుబాటైనా, వ్యాయామమైనా, కూర్చునే పద్ధతైనా సరిపడుతోందో లేదో తేల్చేది నొప్పి ఎంత ఉందన్నది కాదు, నొప్పి ఎక్కడ ఉందన్నది. పాదం నుంచి పిక్కకి, పిక్క నుంచి పిరుదుకి, పిరుదు నుంచి నడుముకి వెనక్కి వస్తుంటే మంచిది. కిందికి దిగుతుంటే చెడ్డది, హాయిగా అనిపించినా సరే.

కూర్చుంటే ఎక్కువ, నడిస్తే తక్కువ అన్నారు కాబట్టి వెనక్కి వంగే వ్యాయామం మీకు సరిపడే అవకాశం ఎక్కువ. బోర్లా రెండు నిమిషాలు ఊరికే పడుకోండి. తర్వాత మోచేతుల మీద లేచి రెండు నిమిషాలు. అది సరిపడితే అరచేతులు భుజాల పక్కన ఆనించి చేతుల బలంతో ఛాతీ పైకెత్తండి. ఒక సెకను ఆగి దిగండి. పదిసార్లు, మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి. చూడటానికి భుజంగాసనంలా ఉంటుంది కానీ ఇక్కడ నడుము, పిరుదు కండరాలు బిగించకూడదు. బొడ్డు కింది భాగం చాపకి బరువుగా అంటుకుని వేలాడుతున్నట్టుండాలి, పని అంతా చేతులదే. చాలామంది చెడగొట్టేది అక్కడే, పిరుదులు బిగించి తుంటి ఎత్తేస్తారు. ఇంకో తప్పు, ఉదయం యాభైసార్లు ఒకేసారి కొట్టేసి రోజంతా మర్చిపోవడం.

మీ నొప్పి ఒక వైపే కాబట్టి నేరుగా లేస్తే మార్పు రాకపోతే, తుంటి రెండూ కుడివైపుకి ఒక బెత్తెడు జరిపి అదే చేయండి. మూడు రోజుల్లో నొప్పి ఏ దారిలోనూ కదలకపోతే ఇది మీకు కాదని వదిలేయండి.

అరవై దాటినవాళ్లు ఇది చదివి మొదలుపెట్టకండి. నడిస్తే లాగి, ముందుకు వంగో కూర్చునో తేలికపడేవాళ్లకి నరాల దారి ఇరుకైపోయి ఉండొచ్చు. వెనక్కి వంగితే వాళ్లకి ఇంకా ఇరుకవుతుంది.

పిక్కలాగుడు

రెండు రోజులు బోర్లా లేచే వ్యాయామం చేశాను. పాదంలో లాగుడు పోయి పిరుదు దగ్గర ఆగింది, కానీ నడుములో ఇదివరకు లేని నొప్పి వచ్చింది. ఆపేయనా? ఉదయం లేవగానే మాత్రం నరకం.

నడకేమందు

ఆపొద్దు. మీరు చెప్పింది సరిగ్గా కావలసిన ఫలితం. కాలు ఖాళీ అవుతున్నప్పుడు నడుము కొన్నాళ్లు గొడవ చేస్తుంది.

ఉదయం సంగతి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్క్ నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. 1999లో నడుము డిస్క్ లోపల నేరుగా సెన్సర్ పెట్టి కొలిచినప్పుడు నిద్రలో ఒత్తిడి 0.10 నుంచి 0.24 మెగాపాస్కల్‌కి పెరిగింది. ఆ ఉబ్బుమీద వంగితే పగిలిన అంచు మీదే భారం పడుతుంది. లేచిన మొదటి గంట రెండు గంటలు నడుము వంచకండి. సాక్సులు పడుకుని తొడుక్కోండి, మొహం కడిగేటప్పుడు ఒక చేయి బేసిన్ మీద ఆనించి మోకాళ్లు కొంచెం వంచండి. లేవడం కూడా పక్కకి ఒత్తిగిలి, కాళ్లు మంచం కిందికి వేసి, చేత్తో నెట్టుకుంటూ.

అదే కొలతలో నిలబడితే 0.50, ఇరవై కిలోల బరువు వీపు గుండ్రంగా వంచి ఎత్తితే 2.3, మోకాళ్లు వంచి వీపు నిటారుగా ఎత్తితే 1.7. వంచకుండా ఎత్తినా నిలబడిన దానికి మూడింతలు దాటుతోంది చూడండి. ఇప్పట్లో అసలు ఎత్తకపోవడమే మేలు.

కూర్చోవడానికి ఏ ఖరీదైన కుర్చీ అక్కర్లేదు. తువ్వాలు చుట్టి నడుము వంపులో పెట్టుకోండి, మోకాళ్ల కంటే తుంటి కొంచెం ఎత్తులో ఉండాలి, వెనక జేబులో పర్సు ఉండకూడదు. ఇరవై నిమిషాలకి నొప్పి మొదలవుతోంది కాబట్టి పదిహేనో నిమిషానికే లేవండి. నొప్పి వచ్చాక లేవడం ఆలస్యమే. నడక పది నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదుసార్లు, ఒక్కసారే గంట కాదు. పడుకోవడం, కుడివైపు ఒత్తిగిలి మోకాళ్ల మధ్య దిండు, లేదా వెల్లకిలా మోకాళ్ల కింద దిండు. పగలంతా మంచం పట్టడం ఒకటి రెండు రోజులకు మించి వద్దు.

తుమ్ము వస్తే వంగకుండా నిటారుగా నిలబడి గోడకి చేయి ఆనించండి. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే తుమ్మినంత ఒత్తిడే. సిగరెట్ అలవాటుంటే, డిస్క్‌కి అసలే రక్తం అందేది అంతంతమాత్రం, పొగ దాన్ని కూడా తగ్గిస్తుంది.

వెన్నుబల్ల

ఒకటి కలుపుతాను. మీరు మానేసిన ఆ వంగుడుకి బదులు, ఇంకో వారం ఆగి నరాన్ని అటూ ఇటూ జరిపే వ్యాయామం మొదలుపెట్టొచ్చు. కుర్చీలో కూర్చుని ఎడమ మోకాలు చాచుతూ అదే సమయంలో తల పైకెత్తండి. మోకాలు మడుస్తూ తల దించండి. ఒక చివర లాగినప్పుడు రెండో చివర వదులవుతుంది కాబట్టి నరం బిగుసుకోకుండా జారుతుంది. పదిసార్లు, రోజుకి రెండుసార్లు. మోకాలు చాచి తల కూడా దించితే మళ్లీ పాత కథే, అది తప్పు.

మడమలెత్తే పరీక్ష చేశారా? లెక్క చెప్పలేదు.

పిక్కలాగుడు

కుడి 22 సార్లు. ఎడమ 6 దగ్గర ఆగిపోయింది, నొప్పి వల్ల కాదు, లేవడం లేదు.

వెన్నుబల్ల

అయితే ఈ వారం కైరోప్రాక్టర్ ఆలోచన పక్కన పెట్టండి. నొప్పి అడ్డు లేకుండానే మడమ లేవడం లేదంటే అది బలహీనత. ఒకటి రెండు రోజుల్లోనే నరాల డాక్టరుకో వెన్నెముక డాక్టరుకో చూపించి మడమ రిఫ్లెక్స్ పరీక్ష చేయించండి. ఎమ్మారై ఫిల్ములు వెంట తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. బోర్లా వ్యాయామం, నడక కొనసాగించొచ్చు. మడమ లెక్క రోజూ ఒకే సమయానికి ఒకసారి చూసి రాసుకోండి. 6 కాస్తా 4, 3 అవుతుంటే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకుండా ఆరోజే వెళ్లండి. పెరుగుతూ పోతే, డాక్టరు సరే అన్నాక, ఆ మెత్తటి బల్ల పద్ధతి గురించి మళ్లీ మాట్లాడుకుందాం.