అప్‌డేట్: స్టికర్లు నిలిచాయి, సైలెన్సర్ దగ్గర జిడ్డు ఇంకా కారుతోంది

కొత్త 125 సీసీ టూ స్ట్రోక్ డర్ట్ బైక్‌కి గ్రాఫిక్స్ (ప్లాస్టిక్ మీది వినైల్ స్టికర్లు) అంచులు లేస్తున్నాయని, ట్రాక్ ఎక్కించే ముందు ఇంకేం చూడాలని అడిగాను కదా.

ప్లాస్టిక్ మీద జిడ్డు పొర ఉంటే ఏ జిగురూ పట్టదు. షాంపూ నీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ అంటించాను. వంపుల దగ్గర హెయిర్ డ్రయ్యర్ వాడాను, కానీ వినైల్‌ని సాగదీయలేదు. సాగితే చల్లారాక వెనక్కి లాక్కుంటుంది, అంచు లేచేది అందుకే. 24 గంటలు నీళ్లు తగలనివ్వలేదు.

కొత్త బైక్‌లోనూ గ్రీజు తక్కువే ఉంటుందని మీరన్నదే నిజం. వెనక సస్పెన్షన్ లింకేజీ, హ్యాండిల్ బేరింగులు విప్పితే పల్చటి పూతే ఉంది. వాటర్‌ప్రూఫ్ గ్రీజు దట్టించి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాను.

స్పోకులు మొదటి అరగంటకే వదులయ్యాయి, రిమ్ లాక్ (టైరు రిమ్ మీద జారకుండా పట్టే బిగింపు) పక్కవి ముందుగా. మళ్లీ బిగించేటప్పుడు పావు చుట్టు మించకుండా, రెండు వదిలి మూడోది చొప్పున తిప్పాలి. వరసగా బిగిస్తే రిమ్ ఒక పక్కకు లాగుతుంది.

సైలెన్సర్ జాయింట్ దగ్గర నల్ల జిడ్డు (పూర్తిగా కాలని ఆయిల్) ఆగలేదు. పెట్రోలులో కలిపే ఆయిల్ తగ్గించమన్న సలహా మాత్రం పాటించను. మాన్యువల్ ప్రకారం పెట్రోలు, ఆయిల్ పాళ్లు 30:1, అంటే లీటరు పెట్రోలుకు 33 మిల్లీలీటర్ల ఆయిల్. ఆయిల్ తగ్గితే అదే జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం) గుండా పెట్రోలు వాటా పెరిగి మిశ్రమం ఇంకా రిచ్ (గాలికి మించి పెట్రోలు) అవుతుంది. అందుకే ముందు పైలట్ జెట్ (తక్కువ వేగంలో పెట్రోలు ఇచ్చేది) ఒక సైజు తగ్గించి చూస్తా.