ఆదివారం మొక్కల కార్యక్రమం: స్థలం పోయింది, వెంటనే చూడండి

పద్మజ, మంగళవారం రాత్రి 9.40
క్రీక్ (వాగు) పక్కన మొక్కలు నాటడానికి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకున్నారు. సాయంత్రం ఉత్తరం వచ్చింది. వానలకు నేల నానిపోయి ఉందట, 110 మంది తొక్కితే మట్టి గట్టిపడి వేర్లు దిగవట. సెప్టెంబరులో మళ్లీ అడగమన్నారు. 400 మొక్కలు శుక్రవారం మా గ్యారేజీకి వచ్చేస్తాయి. టెంటు, మైకు, బ్యానరు, అతిథుల శాలువాల జాబితా పైన పెట్టాను, దాని సంగతి తరువాత. ముందు ఇది తేల్చండి.

కిరణ్, 9.52
మన హాలు వెనక పచ్చిక ఖాళీగానే ఉంది కదా, అక్కడ నాటేద్దాం. ఫొటోలకూ బాగుంటుంది.

సుధ, 10.05
ఎక్కడ పడితే అక్కడ పాతడానికి అవి జెండా కర్రలు కావు కిరణ్. ఆ చుట్టుపక్కల చెట్ల గింజలే ఏరి పెంచిన నారు. సిడ్నీ పడమటి వైపు ఒకప్పుడు పరుచుకున్న కంబర్లాండ్ మైదానపు అడవిలో పదో వంతు కూడా మిగలలేదు. అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్నవాటి జాబితాలో 2009లోనే చేర్చారు. మిగిలిన ముక్కల్ని కలపడానికి పెంచిన గ్రే బాక్స్ అనే యూకలిప్టస్ నారుని కార్ల పక్కన నాటితే, వారం తిరిగేసరికి గడ్డి కోసే యంత్రం కింద పడుతుంది.

శ్రీనివాస్, 10.20
మొక్కల డబ్బు వెనక్కి రాదు. ఉగాదికి మిగిలిందంతా అందులోనే పోయింది. అనుమతి కాగితం చేతికి రాకముందే డబ్బు కట్టమని ఎవరు చెప్పారు? మే నెల సమావేశంలోనే అడిగాను.

కిరణ్, 10.24
నేనే కట్టాను, నా సొంత కార్డు మీద. అందులో సగం నాకు ఇంకా రావాలి. మే నుంచి జూలై దాకా అందరూ "చూద్దాం" అన్నవాళ్లే. మైకు దగ్గరికైతే పిలవకుండానే పదిమంది వస్తారు.

శ్రీనివాస్, 10.26
ఆ మాట నన్ను అన్నదైతే, రేపటి నుంచి లెక్కలు కూడా మీరే చూసుకోండి.

మూర్తి, బుధవారం ఉదయం 6.15
పొద్దున్నే లేచి ఇవన్నీ చదివాను. కాఫీ చల్లారిపోయింది.
ఖమ్మంలో మా ఊరి చుట్టూ కాగితం మిల్లు కోసం వేసిన జామాయిల్ తోటలుండేవి. నీళ్లన్నీ తాగేస్తుందని ఆ చెట్టును తిట్టని రైతు లేడు. ఇక్కడికొచ్చాక తెలిసింది, మనవాళ్లు తిట్టిన ఆ చెట్టుకు పుట్టిల్లు ఇదే. మీ 400లో ఉన్న ఫారెస్ట్ రెడ్ గమ్ దాని మూలమే. మన గట్ల మీద రంగురంగుల పూలతో కనిపించే తలంబ్రాల మొక్క, ఇక్కడివాళ్ల లాంటానా, అక్కడా ఇక్కడా పరాయిదే. అమెరికా ఖండాల నుంచి వచ్చి రెండు చోట్లా కంప అల్లేసింది.
నాటనివ్వకపోతే పీకుదాం. 1960లలో ఇదే సిడ్నీలో బ్రాడ్లీ అక్కాచెల్లెళ్లు చేసింది అదే: అడవి బాగున్న చోట మొదలుపెట్టి, కలుపు తీస్తూ, నేలను కదపకుండా మెల్లగా చెడిన వైపుకు జరగడం. నేలలో దాగిన గింజలే పైకి లేచాయి. గట్టు పైభాగంలో నేల ఆరే ఉంది. అక్కడ ప్రతి నెలా కలుపు తీసే బృందాన్ని అడగండి.

సుధ, మధ్యాహ్నం 1.10
అడిగాను బాబాయ్ గారూ, ఒప్పుకున్నారు. విడతకు 25 మంది, మూడు విడతలు. చేతులు నిండా కప్పే చొక్కాలు వేసుకోండి, లాంటానా కాడకు చిన్న ముళ్లుంటాయి. చెప్పుల మట్టిలో వేరుకుళ్లు తెగులు రాకుండా గేటు దగ్గర స్పిరిట్ కొడతారు, విసుక్కోవద్దు. మనం కోసి మోయడమే. కోసిన మోడుకు వెంటనే మందు పూసేది శిక్షణ ఉన్నవాళ్లే. నీటి పక్కనున్న పెద్ద లాంటానా పొదను మాత్రం ముట్టుకోవద్దన్నారు: నీలం రంగు రెన్ పిట్టలు అందులోనే గూళ్లు కట్టుకుంటాయి. పక్కన ఇక్కడివే అయిన బర్సేరియా ముళ్లపొదలు ఎదిగేదాకా దాన్ని ఉండనిస్తారట.

శ్రీనివాస్, 1.45
రాత్రి మాట తూలాను కిరణ్. నీకు రావాల్సింది ఇవాళే పంపుతాను. మొక్కలు సెప్టెంబరు దాకా ఇళ్లలో పెట్టుకుందాం. ట్రేకు 40, పది ట్రేలు. నాకు రెండు.

కిరణ్, 1.50
నేనూ ఎక్కువే అన్నాను అన్నా. నాకు రెండు. పులిహోర 120 పొట్లాలు చెప్పేశాను, దాన్ని 80 చేయిస్తాను.

సుధ, 2.05
ట్రేలు నేల మీద పెట్టకండి, బల్ల మీదో ఇటుకల మీదో పెట్టండి. తొట్టెల్లోకి మార్చకండి. నీళ్లు పొద్దున పోయండి.

పద్మజ, శుక్రవారం రాత్రి 10.30
ఎనిమిది ట్రేలు వెళ్లిపోయాయి, రెండు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఇక్కడ ఇప్పుడు చలికాలం కదా, పెరట్లో గడ్డి మీద అప్పుడే మంచు మొదలైంది. అతిథుల కోసం కొన్న శాలువాలు ఎవరింట్లో ఉన్నాయి? ఆరు చాలు, కప్పడానికి.

శ్రీనివాస్, 10.34
మా ఇంట్లోనే. ఇప్పుడే తెస్తున్నాను.