చర్చ: క్రైస్తవ ఛాందసం, ఇస్లామిక్ తీవ్రవాదం రెండూ ఒక తాను ముక్కలేనా?

కొర్లగుంట శీను: ఆఫీసులో నిన్న దీనిమీదే రచ్చ. చదువుకున్నోళ్లు చెప్పండి, పోలికలేంది, తేడాలేంది?

రిటైర్డ్ లెక్చరర్: డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పినోణ్ణి, నన్నడగండి. అమెరికాలో 1910-15 మధ్య లైమన్ స్టీవార్ట్ అనే చమురు వ్యాపారి డబ్బుతో ‘ది ఫండమెంటల్స్’ (మూల సిద్ధాంతాలు) అనే వ్యాసాలు 12 సంపుటాలు అచ్చేసి పాస్టర్లకు ఊరికే పంచినారు. వాళ్ల కోపమంతా బైబిల్‌ను తప్పుబట్టే పండితుల మీద. ఈజిప్టులో పుట్టిన ఇస్లామిక్ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ సంగతి వేరు. 1928లో హసన్ అల్ బన్నా దాన్ని పెట్టేనాటికి ఈజిప్టులో బ్రిటిష్ సైన్యం ఉంది, ఖిలాఫత్ (ముస్లింల ఖలీఫా పీఠం) రద్దయి నాలుగేండ్లయింది.

గిరింపేట సిస్టర్: మమ్మల్ని చమురు వ్యాపారికి ముడిపెట్టొద్దు సార్. మా తాత అమెరికన్ ఆర్కాట్ మిషన్ బడిలో చదివినాడు. మేం ఎవుర్ని కొట్టినాం?

అలిపిరి: కొట్టలేదులే. బిడ్డకు పుట్టెంట్రుకలు తీయించి లడ్డూ పట్టుకుపోతే, మా పక్క సీటామె చేతులు ఎనక్కి పెట్టుకునింది. ‘విగ్రహార్పితం బ్రదర్’ అంట! కవరు కూడా ముట్టలా.

గిరింపేట సిస్టర్: అపొస్తలుల కార్యములు 15 చదవండి. విసర్జించమనే ఉంది.

మాజీ సండేస్కూల్: మొదటి కొరింథీయులకు 8 కూడా చదువక్కా. విగ్రహం వట్టిదే, తిన్నా తినకపోయినా ఒకటే అన్నాడు పౌలు. ఎదుటోడి విశ్వాసం దెబ్బతింటుందంటేనే మానమన్నాడు.

గిరింపేట సిస్టర్: 8 దగ్గరే ఆగిపోతే ఎట్ల తమ్ముడూ? 10 చదువు. దయ్యాల బల్ల సంగతి రాసుంది.

అలిపిరి: మా స్వామి ప్రసాదం దయ్యాల బల్లా? నోరు జాగ్రత్త!

పలమనేరు భాయ్: లడ్డూ మా ఇంట్లోనూ తగువే. ఖురాన్ 5:3 చెప్పేది మాంసం గురించి, మిఠాయి గురించి కాదని మా నాయన తినేవాడు. గల్ఫ్ నుంచి వచ్చిన మా అన్న కొడుకు, లడ్డూ దాకా ఎందుకు, దర్గాకు చాదర్ కప్పడమే షిర్క్ (అల్లాకు సాటి కల్పించే పాపం) అంటాండాడు. మా దాదీమా కట్టిన మొక్కు దారం కత్తిరించేసినాడు. ఆమె రెండ్రోజులు అన్నం ముట్టలా. 2017లో పాకిస్తాన్‌లోని సెహ్వాన్‌లో లాల్ షాబాజ్ ఖలందర్ దర్గాలో ఐసిస్ బాంబుకు పోయినోళ్లంతా ఎవురు? మొక్కులకొచ్చిన మా మాదిరోళ్లే.

అలిపిరి: నేను చెప్పేదీ అదే. చర్చివాళ్లు బాంబులు పెట్టరు.

రిటైర్డ్ లెక్చరర్: పెట్టరా? 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఎరిక్ రుడాల్ఫ్ బాంబు పెట్టింది గర్భస్రావాల మీద కోపంతోనే. గర్భస్రావాలు చేసే డాక్టర్ జార్జ్ టిల్లర్‌ను 2009లో చర్చిలోనే కాల్చి చంపినారు.

అలిపిరి: ఇద్దర్ని ఏరుకొచ్చి తూకం సరిచేయొద్దు సార్. ఐసిస్ ఊర్లకు ఊర్లే ఏలింది.

రిటైర్డ్ లెక్చరర్: కారణం చూడవయ్యా! 1979లో అమెరికా పాస్టరు జెర్రీ ఫాల్వెల్ మోరల్ మెజారిటీ అనే సంస్థ పెట్టి ఓట్లు కూడగట్టినాడు, ఎవురూ ఆపలేదు. ఈజిప్టులో బ్రదర్‌హుడ్ రచయిత సయ్యద్ కుతుబ్‌ను 1966లో ఉరి తీసినారు. దారి మూస్తే తుపాకీ పడతారు.

పలమనేరు భాయ్: మౌదూదీకి ఎవురు మూసినారు సార్ దారి? మన నిజాం రాజ్యంలో, ఔరంగాబాదులో పుట్టినోడే. 1941లో జమాతే ఇస్లామీ పెట్టినాడు, పాకిస్తాన్‌లో పార్టీని ఎన్నికల్లో నిలబెట్టినాడు. ఓటు చేతికిచ్చినా ఆయన అడిగింది షరియత్ రాజ్యమే.

రిటైర్డ్ లెక్చరర్: నాకే పాఠాలా? కుతుబ్‌ను చదివినావా అసలు?

మాజీ సండేస్కూల్: అది వదలండి సార్. భాయ్, మీ దాదీమా మొక్కిన దర్గాలో ఉరుసు ఎప్పుడు? మా అత్తకు పాత మొక్కుంది.

పలమనేరు భాయ్: తొందరేం లేదు, మావోడు మళ్లా గల్ఫ్‌కు పోనీ. అప్పుడు రండి.