మర్దన నిజంగా నయం చేస్తుందా, కాసేపు నొప్పి మరిపిస్తుందా?

మెడనొప్పి:
మెడ, భుజం పట్టేసి చాలాకాలంగా బాధపడుతున్నాను. మర్దన చేయించుకున్న రోజు మెడ సులువుగా తిరుగుతుంది, రెండు రోజులకు మళ్లీ మామూలే. చేసేవారేమో కండరాల్లోని విషాలు బయటికి పోతున్నాయంటారు. మా అన్నయ్య ఇదంతా భ్రమేనని కొట్టిపారేస్తాడు. ఎవరి మాట నమ్మాలి?

ఆధారమేది:
మీ అన్నయ్య మాటే. ఆ విషాల్లో ఒక్కదాని పేరైనా చెప్పమనండి, చెప్పలేరు. వ్యాయామంతో పెరిగిన లాక్టిక్ ఆమ్లాన్ని శరీరం దాదాపు గంటలో తానే సర్దుకుంటుంది. నడుమునొప్పికి మర్దనపై జరిగిన ప్రయోగాలను 2015లో, వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ సమీక్షించింది. ఉపశమనం కొద్దికాలమే, ఆధారాలూ బలహీనమే అని తేల్చింది.

నాడి:
నేను ఫిజియోథెరపిస్టును. విషాల సంగతి మీరన్నదే నిజం. కానీ చెప్పిన కారణం తప్పయితే కలిగిన ఉపశమనం కూడా అబద్ధమైపోదు. మోచెయ్యి తలుపుకు తగిలితే వెంటనే రుద్దుకుంటాం కదా. స్పర్శను మోసే నాడులు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని 1965లో రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఆ తర్వాత వివరాలు కొన్ని మారినా అసలు విషయం నిలిచింది.

భుజం పట్టేసినవారు బల్ల మీద పడుకున్నా చెయ్యి బరువు నాకు వదలరు. వదిలేయమన్నా తెలియకుండానే బిగపట్టి ఉంచుతారు. రెక్క ఎముక అంచు వెంట అరచేతితో మెల్లగా నొక్కుతూ పోతే కాసేపటికి ఊపిరి నిదానిస్తుంది, ఆ చెయ్యి నా చేతిలో బరువెక్కుతుంది. అప్పుడు ఎత్తించి చూస్తే ఇందాకటికన్నా పైకి లేస్తుంది. అంతలోనే కండరం మారిపోయిందని కాదు, బిగపట్టడం తగ్గింది. కదలికలు చేయించాల్సింది సరిగ్గా అప్పుడే! బల్ల దిగగానే ఇంటికి పంపేసే పద్ధతితోనే నాకు పేచీ.

ఆధారమేది:
అయితే నయం చేస్తున్నది కదలికే, మీ చెయ్యి కాదు.

నాడి:
నొప్పికి భయపడి చెయ్యే ఎత్తని మనిషిలో ఆ రెండింటినీ ఎలా విడదీస్తారండీ? అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో, ఆధారం అంత బలంగా లేదంటూనే, కొత్తగా వచ్చిన నడుమునొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగినవాటిలో కాపడంతో పాటు మర్దననూ చేర్చింది.

నర్సమ్మ:
వాదన ఎటు తేలినా ఇది మాత్రం మరవకండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాని మీద చెయ్యి వేయనివ్వద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. మెడనొప్పితో పాటు చేతిలో తిమ్మిరి, పట్టు తగ్గడం, జ్వరం ఉన్నా ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

మెడనొప్పి:
అవేవీ లేవండీ. మర్దన అయ్యాక నన్నెవరూ ఏమీ చేయించలేదు. పడుకోమని చెప్పి పంపేవారు.

నాడి:
ఈసారి పడుకోకండి. మెడను రెండు వైపులా, నొప్పి మొదలయ్యే చోటు దాకా నిదానంగా తిప్పండి. భుజాలు ఎత్తి దించండి. మరుసటి రోజు కూడా అవే చేయండి. నొప్పి పెరిగితే ఆపి, దగ్గరుండి చూసేవారికి చూపించండి.