బావమరిదికి కారు ఇస్తున్నా, ధర ఎలా కట్టాలి?

కావలి కుర్రోడు
2018 పెట్రోల్ స్విఫ్ట్, మొదటినుంచీ నా చేతిలోనే ఉంది. 61 వేల కిలోమీటర్లు తిరిగింది. ఒంగోలులో ఉండే మా బావమరిది "బయటోళ్ళకి ఇచ్చేదేదో నాకే ఇవ్వు బావా" అంటున్నాడు. ఎక్స్‌ఛేంజ్‌కి అడిగితే 3.80 అన్నారు. ఆన్‌లైన్‌లో ఇలాంటి బండ్లకు 4.80 దాకా పెడుతున్నారు. ఎక్కువ చెప్తే ఇంట్లో మాట పడాలి, తక్కువకిస్తే మా తమ్ముడు ఊరుకోడు. సొంతవాళ్ళకు అమ్మినవాళ్ళు ఎలా చేశారో చెప్పండి.

గూడూరు తోడల్లుడు
ఆ రెండూ అసలు ధరలు కావు. ఎక్స్‌ఛేంజ్‌లో తీసుకునేవాళ్ళు బాగుచేయించి, మళ్ళీ అమ్మి, లాభం చూసుకోవాలి కాబట్టి తగ్గించి చెప్తారు. ఆన్‌లైన్‌లో కనిపించేది బేరానికి చోటుంచుకుని పెట్టిన రేటు. మేం తోడల్లుళ్ళం ఇద్దరం కలిసే వెళ్ళి రెండు మూడు చోట్ల బండి చూపించాం. నడిమధ్య అంకె తీసుకుని, అందులోంచి కొనేవాడు వెంటనే పెట్టాల్సిన ఖర్చు తీసేశాం. మా బండికి టైర్లు, బ్యాటరీ. మధ్యలోవాళ్ళకు పోయే లాభం ఇద్దరికీ చెరిసగం మిగిలింది. రేటు మాత్రం ఇద్దరూ ఒకేచోట నిలబడి వినాలి. ఒకరు విని ఇంకొకరికి చెప్తే అక్కడే అనుమానం మొదలవుతుంది.

ఏసీ టెక్నీషియన్, కందుకూరు
ఇన్సూరెన్స్ కాగితంలో ఐడీవీ, అంటే కంపెనీ రాసిన బండి విలువ ఉంటుందిగా, అదే పెట్టుకుంటే గొడవే ఉండదు.

గూడూరు తోడల్లుడు
ఐదేళ్ళలోపు బండికైతే కొంత ఆధారం. ఐదేళ్ళు దాటాక కంపెనీ, ఓనరు మాట్లాడుకుని రాసుకునే అంకె అది. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు 28 శాతం, పైన సెస్సు. కొత్త బండి తగ్గితే పాతదీ తగ్గాల్సిందే. అప్పుడెంత పెట్టి కొన్నామన్నది పక్కన పెట్టి, ఇవాళ్టి షోరూమ్ రేటు చూసుకోండి.

ఒంగోలు అక్క
నా అనుభవంలో తగ్గింపును ధరలో కలపకూడదు. తమ్ముడికి కారిచ్చినప్పుడు ముందు సరైన ధర తేల్చి కాగితం మీద రాశాం. దాని కింద "గృహప్రవేశానికి అక్క చదివింపు 40,000" అని విడిగా రాసి తీసేశా. మొదటే అంత తగ్గించి చెప్పుంటే వాడికి అదే ధర అయ్యేది, నేను పెట్టినట్టు ఎవరికీ తెలిసేది కాదు. మా ఆయనా ఆ కాగితం చూశారు, ఇప్పటిదాకా ఆ మాటే రాలేదు. కిరికిరి అంతా లెక్క కనపడనప్పుడే.

చీమకుర్తి డ్రైవర్
ధరకన్నా ముందు బండిని లిఫ్ట్ ఎక్కించండి. మీ మెకానిక్ వద్దు, ఆయన మెకానిక్కూ వద్దు, మూడో మనిషి కావాలి. మన మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండి పైకి మెరుస్తున్నా అడుగున తుప్పు తినేసి ఉంటుంది. డోర్ల కింద అంచును స్క్రూడ్రైవర్ మొనతో తట్టండి. టంగుమంటే గట్టిగా ఉన్నట్టు. పొరలు పొరలుగా రాలిందంటే లోపల పోయినట్టే. అది ఇద్దరూ చూశాక అమ్మితే రేపు "బావ దాచిపెట్టాడు" అనే మాట రాదు.

కావలి కుర్రోడు
అందరికీ థాంక్స్. అక్క చెప్పిన పద్ధతి మా ఆవిడకి బాగా నచ్చింది. ఒక టెన్షన్ ఉంది. సగం ఇప్పుడిచ్చి, మిగతాది పొగాకు వేలం అయ్యాక ఇస్తానంటున్నాడు. అప్పటిదాకా ఆర్సీ నా పేరు మీదే ఉంచుకోవచ్చా?

ఆర్సీ పనులు చేసే అన్న
వద్దు తమ్ముడూ. బండి తాళం ఇచ్చే రోజే ఆర్సీలో పేరు మార్చే ఫారం 29, 30 పెట్టేయండి. లోన్ మీద కొన్న బండైతే బ్యాంకు ఎన్ఓసీ, ఆర్సీలో లోన్ తీసేయించే ఫారం 35 కూడా కావాలి. పేరు మారకముందు యాక్సిడెంట్ అయితే ఆర్సీలో ఎవరి పేరుందో వాళ్ళే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది. బాకీకి విడిగా ప్రోనోటు రాయించుకో, బావమరిదైనా సరే. 2 లక్షలు, ఆపైన క్యాష్‌గా తీసుకోకూడదు, విడతలుగా ఇచ్చినా ఒకే బేరం కిందే లెక్క. బ్యాంకులో వేయించుకో.

ఇన్సూరెన్స్‌ని మీ బావమరిది 14 రోజుల్లో తన పేరుకి మార్పించుకోవాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, బండితో పోదు, నీకే ఉంటుంది. నువ్వు మూడేళ్ళలోపు కొత్త బండికి వాడుకోవచ్చు. ఆ తేడా ఆయన కట్టాల్సి వస్తుంది కాబట్టి ధర మాట్లాడేటప్పుడే చెప్పెయ్.

కావలి కుర్రోడు
ఆదివారం ఇద్దరం కలిసి ఒంగోలులో చూపిస్తున్నాం అన్నా. ప్రోనోటు మాట మామగారే ఎత్తారు, నాకు సగం బరువు తగ్గింది.

చీమకుర్తి డ్రైవర్
ఫాస్టాగ్ కూడా నీది క్లోజ్ చేసి ఇవ్వు. లేకపోతే హైవే ఎక్కినప్పుడల్లా నీ ఖాతాలోంచే కట్ అవుతాయి.