కీర్తనల్లో “కనిపెట్టుకొని యుండుము”: దేవుణ్ణి కనిపెట్టడమేమిటి?

ప్రశ్న:
కీర్తన 27:14 చదువుతుంటే మా వాడు ఆపేశాడు. “యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము” దగ్గర. “కనిపెట్టడమంటే ఎడిసన్ బల్బు కనిపెట్టినట్టా? దేవుడేమైనా తప్పిపోయాడా?” అని వాడి అనుమానం. నవ్వొచ్చింది గానీ, సూటిగా జవాబు చెప్పలేకపోయాను. “ఎదురుచూడు” అని సర్దేశాను. అది చాలదనిపిస్తోంది. పెద్దలు చెప్పండి.

జవాబు 1:
వాడి తప్పేం లేదండీ. పాత అర్థం పక్కకు జరిగి, కొత్తదాన్ని తయారుచేయడం, గుట్టు పట్టుకోవడం అన్న అర్థాలు ముందుకొచ్చాయి. పాతదీ చచ్చిపోలేదు. “పొయ్యి మీద పాలు పెట్టాను, కాస్త కనిపెట్టుకొని ఉండు” అంటామా లేదా? అక్కడ పాలకోసం ఎదురుచూడమని కాదు కదా, కన్ను తిప్పకుండా ఉండమని. కన్ను పెట్టడమే కనిపెట్టడం. ఎదురుచూసేవాడు కునుకు తీయొచ్చు, కనిపెట్టుకొని ఉన్నవాడు తీయకూడదు.

130వ కీర్తన చూడండి. కావలివారు ఉదయం కొరకు కనిపెట్టే దానికంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కొరకు కనిపెట్టుచున్నది అంటాడు. తెల్లవారుతుందా లేదా అన్న అనుమానం కావలివాడికి లేదు. ఎప్పుడన్నదే తెలియదు. ఆ “ఎప్పుడు”ను మోస్తూ మెలకువగా ఉండటమే అతని పని.

జవాబు 2:
నిరీక్షణ సంగతి కూడా ఇలాంటిదే. నిర్ + ఈక్షణం, అంటే బాగా చూడటం. హిందీలో నిరీక్షణ్ అంటే తనిఖీ, నిరీక్షక్ అంటే ఇన్‌స్పెక్టర్! ఎదురుచూడటానికి వాళ్ల మాట ప్రతీక్షా. మనం మాత్రం నిరీక్షణను ఎదురుచూపు చేసుకున్నాం, బైబిలు తెలుగు ఇంకో అడుగేసి “విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ” వరసలో కూర్చోబెట్టింది. కొన్ని కొత్త అనువాదాలు “ఆశాభావం” అంటున్నాయి. అర్థమవుతుంది, కాదనను. కానీ ఆ మాట వింటే నాకు వాతావరణ సూచన విన్నట్టుంటుంది.

రోమా 5లో “ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను” కలుగజేయునని ఉంది. పరీక్ష, నిరీక్షణ రెండూ ఒకే “ఈక్ష” ధాతువు పిల్లలు. మనల్ని చూసే చూపు పరీక్ష, మనం చూసే చూపు నిరీక్షణ. గ్రీకులో ఈ చమత్కారం లేదు, తెలుగులోనే పండింది. అనువాదకులు కావాలని చేశారని నేననను.

జవాబు 3:
చమత్కారం బాగుంది గానీ, దాని మీద సిద్ధాంతం కట్టకండి. నిరీక్షణకు మూలంలో ఉన్న గ్రీకు మాట ఎల్పిస్‌లో కన్ను లేదు. పైగా రోమా 8:24 ఏమంటోంది? కనబడేదానికి నిరీక్షణతో పని లేదనేగా. కీర్తన 27లో “కనిపెట్టుకొని యుండుము”కు మూలమైన హీబ్రూ క్రియ పేరు “కావా”. దానికి చుట్టమైన తిక్వా అంటే నిరీక్షణ. యెహోషువ 2లో రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర దారానికీ అదే మాట వాడారు. అక్కడుంది కన్ను కాదు, బిగువుగా లాగిన తాడు.

జవాబు 2 రాసినవారు:
ఒప్పుకుంటాను. అయినా అదే రోమా 8లో, 19వ వచనం దగ్గర ఆగండి: సృష్టి “మిగుల ఆశతో తేరిచూచుచు కనిపెట్టుచున్నది.” అక్కడి గ్రీకు మాట అపోకరదోకియా. అందులో “కార” అంటే తల. తల చాచి చూడటమని చెబుతారు. కొత్త నిబంధన మొత్తంలో రెండేచోట్ల వస్తుంది, ఇక్కడా, ఫిలిప్పీ 1:20లోనూ. “తేరిచూచు” అన్న అనువాదకుడి చేతికి దండం పెట్టాలి.

జవాబు 4:
ప్రార్థన వైపు నుంచి ఒక మాట. అపొస్తలుల కార్యములు 12లో పేతురు చెరసాలలో ఉంటే సంఘం అత్యాసక్తితో ప్రార్థిస్తోంది. ఆయన బయటికొచ్చి తలుపు తడితే, రొదే అనే చిన్నది పరుగున వచ్చి చెప్తే, “నీవు పిచ్చిదానవు” అన్నారు! అడగడానికి మోకాళ్లున్నాయి, కనిపెట్టడానికి కన్ను లేదు. అయినా పేతురు గుమ్మంలోనే ఉన్నాడు. నన్ను ఓదార్చేది ఆ సంగతే.

అదే పుస్తకం 3వ అధ్యాయంలో, గుడి దగ్గర భిక్షమడిగే కుంటివాడి కథ తిరగేసి ఉంటుంది. “ఏమైన దొరకునని కనిపెట్టుచు” చూశాడు. వాడు కనిపెట్టింది చిల్లర కోసం, లేచింది కాళ్ల మీద.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. పాల ఉదాహరణ మావాడికి వెంటనే ఎక్కింది. ఆ ఊపులో 5వ కీర్తన తీశాను: “ఉదయమున నా ప్రార్థన నీ సన్నిధిని సిద్ధము చేసి కాచియుందును.” మళ్లీ ఆగాడు. “కాచియుండటమంటే, చెట్టు కాచినట్టా?”

రేపు మళ్లీ వస్తాను.