ఒకే వర్షపాతం, ఒకచోట అడవి, ఇంకోచోట సవన్నా: నిర్ణయించేది వాతావరణమా, జీవులా?

చిగురు (ప్రశ్న):
పర్యావరణ శాస్త్రవేత్త విటేకర్ గీసిన పటంలో ఒక అక్షం మీద వార్షిక సగటు ఉష్ణోగ్రత, రెండో అక్షం మీద వార్షిక వర్షపాతం ఉంటాయి. ఏ ప్రాంతం ఎక్కడ పడితే అదే దాని బయోమ్ (అడవి, ఎడారి వంటి పెద్ద జీవావరణ రకం) అని చదువుకుంటాం. కానీ ఏటా 1000 మి.మీ. వాన పడే చోట్లు కొన్ని అడవులుగా, కొన్ని సవన్నాలుగా (చెట్లు అక్కడక్కడా ఉండే గడ్డిభూములుగా) ఉన్నాయి. టండ్రాలో, అంటే ధ్రువం దగ్గరి చెట్లులేని చలి నేలలో, పడేది ఎడారి వానే, నేల మాత్రం బురద. వేడి, వాన, నేల వంటి నిర్జీవ కారకాల పని ఎక్కడ ఆగి, జీవులది ఎక్కడ మొదలవుతుంది? అడవి అంచు నుంచి పచ్చిక దాకా విద్యార్థులతో క్షేత్ర అధ్యయనం చేయించాలి. ఏం కొలవాలో, ఎక్కడ తప్పులు దొర్లుతాయో చెప్పండి.

తేమలెక్క:
టండ్రా సంగతి తేలిక. మొక్క బతికేది నేలలో మిగిలిన నీటితో, ఆకాశం నుంచి పడిన వానతో కాదు. టండ్రాలో ఏటా 150–250 మి.మీ. పడినా చలికి ఆవిరయ్యేది తక్కువ. కింద పర్మాఫ్రాస్ట్ (ఏళ్ల తరబడి కరగని నేలపొర) గడ్డకట్టి ఉండటంతో లోపలికి ఇంకే దారీ లేదు. అందుకే వేసవిలో పైపొర నానిపోయి ఉంటుంది. 400 మి.మీ. వానతో టైగాలో (టండ్రాకు దక్షిణాన ఉండే చలి ప్రాంతంలో) సూదాకుల అడవి నిలబడుతుంది. అదే వాన వేడి ప్రాంతంలో ముళ్లపొదలకే సరి. వర్షపాతాన్ని ఎప్పుడూ బాష్పీభవనం పక్కన పెట్టి చదవాలి.

ఆ తర్వాత నేల. ఇసుక నేల నీటిని జారవిడుస్తుంది. బంకమట్టి పట్టి ఉంచుతుంది గానీ అందులో కొంత భాగం వేళ్లకు అందదు. పీహెచ్ 5 కన్నా దిగితే అల్యూమినియం కరిగి వేరు కొనలను దెబ్బతీస్తుంది.

గిట్టలజాడ:
సవన్నా దగ్గర తేమలెక్క గారి లెక్క సగం దూరమే వస్తుంది. ఆఫ్రికా సవన్నాల్లో ఏటా సుమారు 650 మి.మీ. లోపు వాన పడే చోట చెట్లు ఎంత కమ్ముకోగలవో వానే నిర్ణయిస్తుంది. అది దాటితే అడవి మూసుకుపోవడానికి నీరు చాలు. అలా మూసుకుపోకుండా ఆపేవి నిప్పు, మేసే జంతువులు.

టాంజానియాలోని సెరెంగెటి చూడండి. పశువులకు టీకాలు వేయడంతో 1960ల్లో అక్కడి అడవి జంతువుల్లోనూ రిండర్‌పెస్ట్ (పశువులను చంపే వైరస్ వ్యాధి) పోయింది. సుమారు 2.5 లక్షలున్న వైల్డెబీస్ట్‌లు (మందలుగా గడ్డి మేసే జంతువులు) 1970ల చివరికి 13 లక్షల దాకా పెరిగాయి. అవి గడ్డిని మేసేయడంతో మంటకు మేత కరువైంది, చెట్ల మొలకలు కాలిపోకుండా ఎదిగాయి. వాన అంకెలు మాత్రమే చూసేవారికి ఈ మార్పు అంతుపట్టదు. అన్నట్టు, నిప్పును ఏ జాబితాలో రాస్తారు? మెరుపు నిర్జీవం, కాలే గడ్డి జీవం. ఆ రెండు జాబితాలు పరీక్ష కోసమే అని నా అభిప్రాయం.

ఎదురు దిశలోనూ జరుగుతుంది. అలాస్కా దగ్గరి అల్యూషన్ దీవుల్లో మనుషులు వదిలిన నక్కలు సముద్ర పక్షులను తినేశాయి. రెట్ట పడక నేలలో పోషకాలు తగ్గి, గడ్డి నేల టండ్రా మొక్కలకు మారింది. అక్కడ నేల రసాయనాన్ని మార్చింది ఒక వేటజంతువు.

గజంబద్ద:
అధ్యయనం సంగతి చెప్తాను. అంచుకు లంబంగా తాడు కట్టండి: అడవి లోపలికి 30 మీటర్లు, బయటికి 30. ప్రతి 5 మీటర్లకు 1 చ.మీ. క్వాడ్రాట్ (కొలత కోసం నేలపై పెట్టే చదరపు చట్రం) పెడితే ఒక్కో తాడుకు 13 వస్తాయి. కనీసం 20 మీటర్ల ఎడంతో మూడు తాళ్లు ఉండాలి. ఒక్క తాడు మీద కనిపించింది ఆ చోటి విశేషం కావచ్చు.

ఒక్కో క్వాడ్రాట్‌లో ఏ జాతి ఎంత శాతం పరుచుకుందో, నేలమట్టంలో వెలుతురు ఎంతో, 10 సెం.మీ. లోతులో ఉష్ణోగ్రత ఎంతో రాయండి. పై 10 సెం.మీ. మట్టిని గాలి చొరని సంచిలో వేసి అక్కడే తూకం వేయండి. ఆ మట్టిని 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూయాలి. 50 గ్రాములు ఆరి 40 అయితే తేమ 25 శాతం, ఎందుకంటే భాగించాల్సింది ఆరిన బరువుతో. చాలామంది తడి బరువుతో భాగించి 20 అని రాస్తారు. పీహెచ్‌కు 10 గ్రాముల గాలికి ఆరిన మట్టిని 25 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, అరగంట ఆగి చూడండి.

అన్నిటికన్నా ఎక్కువ దొర్లే తప్పు సమయానిది. అడవి వైపు ఉదయం 9కి, పచ్చిక వైపు మధ్యాహ్నం కొలిస్తే మీరు కొలిచింది చోటుల తేడా కాదు, గంటల తేడా. ఒకసారి ఆ కొస నుంచి, ఒకసారి ఈ కొస నుంచి మొదలుపెట్టండి. గాలి ఉష్ణోగ్రత కూడా కొలిస్తే, థర్మామీటరు ఎండలో ఉండకూడదు.

ఇంత చేసినా కారణం తేలదు. చెట్ల కింద తేమ ఎక్కువ ఉండటం వల్ల ఆ మొక్కలు వచ్చాయా, చెట్ల నీడ వల్ల తేమ నిలిచిందా? తాడు జవాబు చెప్పదు.

చిగురు:
అయితే మేసే జంతువులు రాకుండా పచ్చికలో ఒకచోట కంచె కడితే సరిపోతుందాండీ?

గజంబద్ద:
ఒక్కటి చాలదు. రెండేసి మీటర్ల చదరాలను కనీసం ఐదు జతలుగా ఎంచి, జతలో దేనికి కంచె వేయాలో నాణెం ఎగరేసి తేల్చండి. లేకపోతే తెలియకుండానే పచ్చగా ఉన్నదానికే వేస్తాం. కంచె వేయకముందు కొలతలు తప్పనిసరి. వల కూడా కాస్త నీడనిస్తుంది, గాలిని ఆపుతుంది. అందుకే ప్రతి జత పక్కన రెండు వైపులే వల ఉన్న మూడో చదరం పెట్టండి. జంతువులు అందులోకి రాగలవు కాబట్టి, అక్కడా గడ్డి పెరిగితే ఆ పని వలదే. చదరం అంచు నుంచి అర మీటరు వదిలి లోపలే కొలవాలి.

ఒక సీజన్‌లో గడ్డి ఎత్తు తేడా కనబడుతుంది, జాతుల మార్పుకు ఏళ్లు పడుతుంది. కంచె లోపల ఎలుకలు చేరుతున్నాయేమో కూడా చూస్తుండండి. వాటిని వేటాడే జంతువులు లోపలికి రాలేవు, ఎలుకలు విత్తనాలన్నీ తినేస్తే ఫలితం తలకిందులవుతుంది.